మూడిళ్ళ బ్యాటరీ

క్లెమ్ రెకర్ తన బేస్‌మెంట్‌లో, మూడడుగుల నీళ్ళలో బోర్లా తేలుతున్నాడు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఒంటి మీద పైజమా. కాళ్ళకు రబ్బరు బూట్లు. తల వెనక దెబ్బ. చెవి మిషన్ మాత్రం పైన పడకగదిలో, మంచం పక్కనే ఉండిపోయింది. చేతిలోంచి జారిన టార్చి నీళ్ళ అడుగున ఇంకా వెలుగుతోంది.

డిటెక్టివ్ వెర్నా కెస్లర్ చెక్కమెట్ల మధ్యలో నిలబడి చూసింది. ఇక్కడి నుంచి కిందికి మెట్లన్నీ నీళ్ళలోనే. చెక్క నున్నగా, జారుడుగా ఉంది.

"పంపు ఆగిందని చూడ్డానికి దిగాడు. జారాడు. తల మెట్టుకి తగిలింది. స్పృహ తప్పింది. నీళ్ళు మిగతా పని చేశాయి," అన్నాడు పైనుంచి డిప్యూటీ ట్రాయ్ బెక్‌మన్. "ఇంతవరకూ అనుమానం లేదు మేడమ్. పంపు ఎందుకు ఆగిందన్నదే కేసు. అదీ తేలిపోయింది."

ట్రాయ్‌కి అన్నీ త్వరగానే తేలిపోతాయి. ఆరేళ్ళుగా కెస్లర్ అతనితో పడుతున్న అవస్థ అదే.

న్యూ ఎల్‌బర్గ్‌లో నేల కింద నేల ఉండదు, నీళ్ళే ఉంటాయి. ఒహాయోలో మా మూల అంతా ఒకప్పుడు చిత్తడి. అందుకే ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లో, నేలలో ఒక గుంట ఉంటుంది. భూమిలోంచి ఊరే నీళ్ళు అందులో చేరతాయి. పంపు వాటిని బయటికి తోస్తుంది. వాన పడితే మేం భయపడం. వానతో పాటు కరెంటు పోతే భయపడతాం.

నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది.

మిల్ రోడ్డు చివర మూడిళ్ళ వాళ్ళు కలిసి ఒక బ్యాటరీ పెట్టె కొనుక్కున్నారు. పిడి పట్టుకుని మోసుకెళ్ళేది. పంపు ప్లగ్ దానికి పెడితే చాలు, పంపు తిరుగుతుంది. కరెంటు పోయినప్పుడల్లా పెట్టె వంతులవారీగా తిరుగుతుంది. ముందు లియోనా వెర్‌హాఫ్ ఇల్లు. తర్వాత డేల్ నీసీ ఇల్లు. చివరికి క్లెమ్ ఇల్లు. పక్క తలుపులకు తాళాలు వేయరు. తట్టి పిలవరు. వెళ్ళడం, ప్లగ్ పెట్టడం, వచ్చేయడం. నీరు పల్లమెరుగు అంటారు కదా, క్లెమ్ ఇల్లు అందరికన్నా పల్లంలో ఉంది. అందుకని రాత్రంతా పెట్టె అక్కడే ఉండాలని ఒప్పందం.

"పెట్టె ఇదిగో," అన్నాడు ట్రాయ్.

అది అన్నిటికన్నా పై మెట్టు మీద ఉంది. పొడిగా ఉంది. పంపు తీగ కింద నీళ్ళలో వేలాడుతోంది. పెట్టెకి తగిలించి లేదు.

"తెచ్చాడు. ఇక్కడ పడేశాడు. ప్లగ్ కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు," అన్నాడు ట్రాయ్. "డేల్ నీసీ. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. క్లెమ్ పంపు నీళ్ళ గొట్టం డేల్ పెరట్లోకి తిప్పి ఉంటుంది. పోయిన శుక్రవారం చర్చిలో చేపల విందు దగ్గర, ఊరందరి ముందూ డేల్ ఏమన్నాడో తెలుసా? 'ఒకరోజు నీ నీళ్ళలో నువ్వే మునిగి చస్తావురా ముసలోడా' అన్నాడు. పొద్దున పెట్టె కోసం వెళ్ళి, శవాన్ని చూసి ఫోన్ చేసిందీ వాడే. షెరీఫ్ గారు మధ్యాహ్నంలోపు వాడిని లోపల వేయమన్నారు."

కెస్లర్ పెట్టె మీద బొత్తాం నొక్కింది. చిన్న తెర వెలిగింది.

తొంభై ఎనిమిది శాతం.

"చూశారా? ఒక్క నిమిషం కూడా వాడలేదు," అన్నాడు ట్రాయ్.

కెస్లర్ తెర ఆరిపోయేదాకా దాన్నే చూసింది.

* * *

డేల్ నీసీ తన వంటగదిలో, చీకట్లో కూర్చుని ఉన్నాడు. ఈ వైపు ఇళ్ళకు కరెంటు ఇంకా రాలేదు. భార్య నెటీ అతని వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. తీయలేదు.

"నిన్న పెట్టె ఎన్నింటికి తీసుకెళ్ళారు?"

"తొమ్మిదయ్యుంటుంది."

"ఎక్కడ పెట్టారు?"

"గుంట పక్కన పనిబల్ల మీద. ఎప్పుడూ అక్కడే."

"మెట్ల పైన పెట్టలేదా?"

"పంపు తీగ అంత పొడుగు రాదు మేడమ్. పై మెట్టు మీద పెట్టి ఏం చేసుకోను?"

"ప్లగ్ పెట్టారా?"

డేల్ పెద్ద చేతులు బల్ల మీద తెరిచి పెట్టుకుని చూసుకున్నాడు.

"పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నా. పంపు గుర్రుమని తిరగడం విన్నాను. విన్నానా? చీకటి. ఒక చేత్తో టార్చి. పొద్దున వాడిని చూసినప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నా. సరిగ్గా లోపలికి నొక్కానో లేదో. వాడంటే నాకు పడదు, నిజమే. ఆ విసురులో గబగబా తగిలించి వచ్చేశానేమో. నేనే చంపానేమో మేడమ్."

"నోరు ముయ్యి డేల్," అంది నెటీ. "నువ్వు చంపలేదు."

"నీకేం తెలుసు?"

"నీతో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేశా. కోపం వస్తే అరుస్తావు. పని మాత్రం చెడగొట్టవు. తిట్టుకుంటూ కూడా సరిగ్గానే చేస్తావు."

కెస్లర్ నెటీ వైపు చూసింది. కోర్టులో ఈ మాటకి విలువ ఉండదు. కానీ కెస్లర్ దాన్ని మనసులో పెట్టుకుంది.

"క్లెమ్ ఇంట్లో ఉన్నాడా అప్పుడు?"

"తెలీదు. ట్రక్కు లేదు. అయినా పిలవలేదు. మాటల్లేవు కదా."

"పెట్టెలో చార్జి ఎంత ఉంది?"

"నలభై చిల్లర. తెల్లారేదాకా సరిపోతుందో లేదోనని భయం కూడా వేసింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ ట్రాయ్ నవ్వాడు. "నలభై అట!"

డేల్ తలెత్తాడు. ట్రాయ్ నడుముకున్న సంకెళ్ళ వైపు ఒకసారి చూసి, మళ్ళీ కళ్ళు దించుకున్నాడు. ఇంకో పది నిమిషాలు అలా వదిలేస్తే, చెయ్యని నేరం ఒప్పేసుకునేలా ఉన్నాడు.

* * *

బయట ఒక ట్రక్కు వచ్చి ఆగింది. క్లెమ్ ట్రక్కే. దిగింది మాత్రం క్లెమ్ అన్న కొడుకు రస్.

"బాబాయ్! దేవుడి లాంటి మనిషి!" అని ఏడుపు మొదలుపెట్టాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికుండగా ఈ బాబాయిని రస్ 'పిసినారి పీనుగ' అని పిలిచేవాడని ఊరంతటికీ తెలుసు.

"ట్రక్కు నీ దగ్గర ఎందుకుంది?" అంది కెస్లర్.

"నిన్న మధ్యాహ్నం అడిగి తీసుకున్నా. సాయంత్రమే తెద్దామనుకున్నా. వంతెన మూసేశారు. గంట క్రితమే తెరిచారు, అడగండి." వేలు చాపి డేల్‌ని చూపించాడు. "వీడే! వీడి కళ్ళు ఎప్పుడూ మా బాబాయ్ మీదే!"

డేల్ గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వు మాట్లాడకురా. ట్యాంకు నిండుగా తీసుకెళ్తావు, చుక్క మిగల్చకుండా తోలుకొస్తావు. ఈసారి కూడా ముల్లు కింద గీత మీదే ఉండుంటుంది. చూసుకో."

కెస్లర్ ట్రక్కులోకి తొంగి చూసింది. ముల్లు గీతకి కూడా కిందే ఉంది.

మా ఊళ్ళో ఇది చిన్న తప్పు కాదు. బండి అరువు తీసుకుంటే ట్యాంకు నింపి ఇవ్వాలి. పళ్ళెంలో కేకు పంపితే, పళ్ళెం ఇంకేదైనా పెట్టుకునే తిరిగి రావాలి. పెళ్ళాన్ని వదిలేసినవాడిని క్షమిస్తారు కానీ, ఖాళీ పళ్ళెం తిరిగిచ్చినవాడిని క్షమించరు.

అప్పుడే రోడ్డు దాటి లియోనా వెర్‌హాఫ్ వచ్చింది. డెబ్బై దగ్గర పడిన మనిషి, బక్కపలచన. ఒక చేతిలో ట్రే, ఇంకో చేతిలో కాఫీ ఫ్లాస్కు. శవం లేచిన ఇంటికి ఉత్త చేతులతో రావడం ఆవిడకి తెలీదు.

"తినండమ్మా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు," అంది కెస్లర్‌తో.

దాల్చినచెక్క రోల్స్. కెస్లర్ ఒకటి తీసుకుంది. వేళ్ళు కాలాయి.

"మీ ఇంటి నుంచి పెట్టె బయల్దేరేటప్పుడు చార్జి ఎంత ఉందండీ?"

"అరవై ఉంది. తెర చూసే డేల్‌కిచ్చాను."

తడుముకోకుండా చెప్పింది.

"ఆ తర్వాత?"

"పడుకున్నాను."

ఈసారి కొంచెం ఆలస్యమైంది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా అబ్బాయి లైల్. వాడు... బయటికి రాడు." లియోనా ట్రే మీది గుడ్డ సర్దింది. "వాడు కూడా పడుకునే ఉన్నాడు."

కెస్లర్ రోడ్డు అవతలికి చూసింది. లియోనా ఇంటి వరండాలో పట్టపగలు లైటు వెలుగుతోంది. నిన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు వేసి ఉన్న లైటు కాబోలు.

"ట్రాయ్, అవతల కరెంటు ఎప్పుడొచ్చింది?"

"తెల్లారకముందే మేడమ్. ఉత్తరం వైపు లైను వేరు. ఇటు మధ్యాహ్నానికి గానీ రాదట."

కెస్లర్ చేతిలో రోల్ సగం తిన్నదే. దాన్ని మెల్లగా కాగితంలో చుట్టింది.

* * *

పదకొండు దాటింది. షెరీఫ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి కెస్లర్ ఎత్తలేదు.

అందరినీ క్లెమ్ వంటగదిలోకి పిలిచింది. డేల్, నెటీ ఒక పక్క. రస్ ఫ్రిజ్‌కి ఆనుకుని. లియోనా ట్రేతో తలుపు దగ్గర. బల్ల మధ్యలో బ్యాటరీ పెట్టె.

"ట్రాయ్, నీ లెక్క ఇంకోసారి చెప్పు."

"డేల్ పెట్టె తెచ్చి పైమెట్టు మీద పడేశాడు. ప్లగ్ పెట్టలేదు. వాడలేదు కాబట్టి నిండుగా ఉంది."

"వాడకపోతే నిండుగా ఉంటుందా?"

"ఉండదా?"

"వాడకపోతే, ఉన్నంత ఉంటుంది. డేల్ తెచ్చినప్పుడు ఎంత ఉంది?"

"నలభై అంటున్నాడు. వాడి మాట నేను నమ్మను."

"నమ్మకు. డేల్ పచ్చి అబద్ధాలకోరు అనుకుందాం. తన ఇంట్లో పంపు తిప్పనే లేదనుకుందాం. అయినా లియోనా గారి ఇంటి నుంచి అది అరవైతో బయల్దేరింది. ఆ మాట ఆవిడే చెప్పారు. అరవై మెట్ల మీద కూర్చుని తొంభై ఎనిమిది అవుతుందా ట్రాయ్? కోడిగుడ్డా అది, కూర్చుంటే పిల్ల కావడానికి?"

ట్రాయ్ పెట్టె బొత్తాం నొక్కి, తెర మీది అంకె మళ్ళీ చూశాడు.

"ఎవరో దీన్ని చార్జి చేశారు. డేల్ చేయలేడు, ఇటువైపు కరెంటు లేదు. కారుకి పెడితే రోజంతా పడుతుంది. అంటే పెట్టె రాత్రి ఈ ఇంట్లోంచి బయటికెళ్ళింది. కరెంటున్న చోట నిండింది. తెల్లవారాక తిరిగొచ్చింది. తెచ్చినవాళ్ళు బల్ల దాకా వెళ్ళలేకపోయారు. అప్పటికే కింద నీళ్ళు. అందుకే పైమెట్టు మీద పెట్టారు."

రస్ కదిలాడు. "నన్ను చూస్తారేంటి? నాకేం తెలీదు!"

"నీకు తెలీదనే నాకూ తెలుసు. వంతెన ఒక కారణం. ఇంకో కారణం ఆ ట్రక్కు. చిన్నాన్న చావు కబురు విని వస్తూ కూడా ట్యాంకులో చుక్క పోయించనివాడివి, దొంగిలించిన పెట్టెని నింపి తెస్తావా?"

నెటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు తీసుకున్నారో గానీ దొంగలా తీసుకున్నారు," అంది కెస్లర్. "తిరిగిచ్చేటప్పుడు మాత్రం మర్యాదస్తుల్లా ఇచ్చారు. అక్కడే దొరికిపోయారు."

ఒక్కొక్కరి చూపే ట్రే మీదికి, అక్కడి నుంచి ట్రే పట్టుకున్న చేతుల మీదికి వెళ్ళింది.

లియోనా ట్రేని పొయ్యి గట్టు మీద పెట్టింది. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది.

"ఖాళీగా ఎలా తెచ్చిపెడతానమ్మా?" అంది.

"కూర్చోండి."

"వద్దు. నిలబడే చెప్తాను. అర్ధరాత్రికి మా గుంట మళ్ళీ నిండింది. నీళ్ళు లైల్ గదిలోకి వచ్చేశాయి. వాడి గది బేస్‌మెంట్‌లోనే. ఉరుములంటే వాడికి చచ్చేంత భయం. గాలివాన రోజు మెట్లెక్కి పైకి రాడు. మంచం కాలు పట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, రెండొందల యాభై పౌండ్లు. నేనెలా లాగను?"

"ఎవరినైనా పిలవచ్చు కదా లియోనా!" అంది నెటీ. "మేం పక్కనే ఉన్నాంగా!"

"పోయిన ఏడు పిలిచాను. అంబులెన్సు వాళ్ళు వచ్చి పట్టి లాగారు. వాడు కొట్టాడు. వారం తిరక్కుండా కౌంటీ ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. ఇంకోసారి ఇలా అయితే వాడిని హోమ్‌కి పంపేస్తామన్నారు. అందుకే ఎవరికీ తెలియకూడదనుకున్నా. పెట్టె ఒక్కటే దిక్కు. వచ్చాను. ట్రక్కు లేదు. గాలివానకి తలదాచుకోవడానికి క్లెమ్ చర్చి హాలుకి వెళ్ళిపోయాడనుకున్నా. ఖాళీ ఇల్లు మునిగితే ఏమవుతుంది, పాత కార్పెట్టు పోతుంది, నేనే కొనిస్తాను అనుకున్నా. పంపు తిరుగుతోంది. ప్లగ్ పీకేశాను."

డేల్ తల పైకెత్తాడు. "తిరుగుతోందా? నేను పెట్టిన ప్లగ్గే?"

"నువ్వు పెట్టిందే డేల్. గట్టిగా పెట్టావు. రెండు చేతులతో పీకాల్సొచ్చింది."

డేల్ రెండు అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. పొద్దున్నుంచీ అతను మోసిన బరువు అదొక్కటే. జైలు భయం దాని ముందు చిన్నది.

"పొద్దున?" అంది కెస్లర్.

"కరెంటొచ్చింది. పెట్టె నిండింది. తెచ్చాను. తలుపు తీస్తే మెట్ల మీదికి నీళ్ళు. నీళ్ళ అడుగున టార్చి వెలుగు." లియోనా బేస్‌మెంట్ తలుపు వైపు చూసింది. "క్లెమ్ అని పిలిచాను. ఒక్కసారే. తర్వాత వాడి వీపు కనిపించింది. పెట్టె అక్కడే పెట్టేసి ఇంటికెళ్ళి పిండి కలిపాను. చేతులు ఊరుకోలేదు."

రస్ ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. కిటికీలోంచి ట్రక్కు వైపు చూస్తున్నాడు. నిన్న సాయంత్రం అది తన చోట ఉండి ఉంటే ఈవిడ తలుపు తట్టేది. ఆ సంగతి ఇప్పుడు అతనికి కూడా అర్థమైంది.

డేల్ లేచాడు.

"నాతో చెప్పు లియోనా. పాతికేళ్ళుగా ఇరుగుపొరుగు వాళ్ళం. నాకు బేడీలు వేసి కార్లో ఎక్కిస్తే, నువ్వు చూస్తూ ఊరుకునేదానివా?"

వంటగదిలో అందరూ జవాబు కోసం చూశారు. లేదని చెప్తే బాగుండునని కెస్లర్‌కి కూడా అనిపించింది.

"ఊరుకునేదాన్ని డేల్," అంది లియోనా. "నీకు నెటీ ఉంది. వాడికి నేను తప్ప ఎవరున్నారు?"

డేల్ ఒక అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాడు. కొట్టినా అంత తగిలేది కాదు.

ట్రాయ్ సంకెళ్ళు తీయబోయాడు. కెస్లర్ కళ్ళతోనే వద్దంది. లియోనా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. కారు దగ్గర లియోనా ఆగిపోయింది. రోడ్డు అవతల తన ఇంటి పునాది దగ్గర, లైల్ గది చిన్న కిటికీ. అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

"వాడింకా ఏమీ తినలేదు," అంది తనలో తాను అనుకున్నట్టు.

వెనకనుంచి నెటీ వచ్చింది. "గుడ్డు తింటాడా?"

లియోనా తిరిగి చూసింది. "పచ్చసొన పగలకూడదు. పగిలితే ముట్టడు. గట్టిగా మాట్లాడకు. వాడు నీ ముఖం చూడడు, కోపమనుకోకు."

"సరే."

నెటీ రోడ్డు దాటడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" గుమ్మంలోంచి అరిచాడు డేల్. "వాళ్ళింటికా? ఆవిడ నన్ను జైలుకి పంపేది, విన్లేదా?"

"విన్నాను," అంది నెటీ, వెనక్కి తిరక్కుండానే. "ఆ అబ్బాయి నిన్ను ఎక్కడికీ పంపలేదుగా."

డేల్ వాకిట్లోనే నిలబడ్డాడు. ఒకసారి ఉమ్మేశాడు. కారు పక్కనుంచి నడిచాడు. లియోనా వైపు చూడలేదు. ఆవిడ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. రోడ్డు మధ్యలో భార్యని అందుకుని జబ్బ పట్టుకుని ఆపాడు.

వెనక్కి లాక్కెళ్తాడేమోననుకుంది కెస్లర్.

"ఆగు," అన్నాడు డేల్. "వాళ్ళ మెట్లు కూడా తడిసి ఉంటాయి. నేను ముందు దిగుతాను."